స్లాబుకు ఇంకా 3 వారాలే ఉంది. మా కలల హాలు గురించి ఇప్పుడే ఏమేమి తేల్చుకోవాలి?

పటమట_పావని:
పోరంకిలో 165 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలు లేచాయి, కింది అంతస్తు స్లాబు 3 వారాల్లో పోస్తామని మేస్త్రి చెప్పారు. తొమ్మిదేళ్లుగా పటమటలో అద్దెకు ఉంటున్నాం. ఇప్పుడున్న హాల్లో సోఫా వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. డిగ్రీ చదివే రోజుల నుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఆదివారం అనుబంధాల్లో మంచి గది బొమ్మ కనబడితే కత్తిరించి అందులో అంటించేదాన్ని. ఇప్పుడు నిజంగా ఒక హాలు నా చేతికి వస్తుంటే ఆ పుస్తకం తెరవాలంటేనే భయంగా ఉంది, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ పొంతన లేదు.

హాలు కొలత 20 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. రోడ్డు పడమర వైపు. ఆ గోడకే సింహద్వారం, 6 అడుగుల కిటికీ. దక్షిణం వైపు 20 అడుగుల గోడ, పక్కింటివాళ్ల గోడ ఆనుకుని ఉంది కాబట్టి కిటికీలు లేవు. ఉత్తరాన ఒక 4 అడుగుల కిటికీ. తూర్పు వైపు గోడ లేదు, పైన బీము వస్తుంది, దాని అవతల భోజనాల బల్ల.

మా వారికి పెద్ద టీవీ కావాలి. మా అత్తగారు ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువు పెడతారు, అద్దె ఇంట్లో పుస్తకాల బీరువా మీద మూడు వరుసలతో సరిపెడుతున్నారు. మామగారికి పడక కుర్చీ, పక్కన వెలుతురు, పేపరు. నాకు ఉయ్యాల బల్ల. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో దాని మీదే నిద్రపోయేదాన్ని. ఇవన్నీ ఒకే గదిలో పడతాయా? రంగులు, కర్టెన్లు తర్వాత చూసుకోవచ్చు కానీ స్లాబు పడిన తర్వాత మార్చలేనివి ఏమిటో చెప్పండి.

గుంటూరు_గోపాల్:
ముందు టీవీ గోడ తేల్చండి. మిగిలినవన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. రోజుకు మూడు గంటలు చూసే వస్తువు అదొక్కటే. గోరంట్లలో మా ఫ్లాటులో 65 అంగుళాల టీవీ, వెనక బూడిద రంగు ప్యానెల్, నాలుగు వైపులా ఫాల్స్ సీలింగ్, లోపల దాచిన దీపాలు పెట్టించాం. గోడలన్నీ తెలుపు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే తల తేలికవుతుంది. కంటికి పని తగ్గించే గదే నిజమైన విశ్రాంతి గది అని నా గట్టి నమ్మకం.

బ్రాడీపేట_నాలుగోలైను:
గోపాల్ గారితో తెల్ల గోడల వరకు ఏకీభవిస్తాను. ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగండి. మాది పాత ఇల్లు, స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. సీలింగు అర అడుగు తినేసింది. ఫ్యాను కడ్డీ పొడవు పెంచితే మా అబ్బాయి చెయ్యెత్తినప్పుడల్లా నా గుండె ఆగుతోంది. పై నుంచి ఒకసారి నీళ్లు కారి జిప్సం బోర్డు ఉబ్బింది. ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి మొత్తం విప్పాల్సి వచ్చింది.

గుంటూరు_గోపాల్:
అది స్లాబు లోపం, సీలింగు లోపం కాదండి. పై అంతస్తులో ఉండేవాళ్లకు స్లాబుకూ బోర్డుకూ మధ్య ఉన్న గాలి వల్ల వేడి కొంత తగ్గుతుంది. గుంటూరు మే నెల మీకు నేను చెప్పాలా?

బ్రాడీపేట_నాలుగోలైను:
పై అంతస్తుకు సరే. పావని గారిది కింది అంతస్తు, పైన మరో అంతస్తు వస్తుంది. ఆ లాభం ఆవిడకు లేదు.

వెలుతురు_లెక్క:
ఇరవై ఏళ్లుగా ఇళ్లకు కరెంటు పని చేస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్న సరైనది, అడిగిన సమయం ఇంకా సరైనది. చాలామంది నన్ను గోడలకు పుట్టీ పెట్టాక పిలుస్తారు, అప్పుడు నేను చేయగలిగింది గోడ పగలగొట్టడమే.

స్లాబులో కూర్చునేవి ఫ్యాను బాక్సులు, పైపులు, హుక్కులు. మీ హాలు 20 అడుగులు, ఒక ఫ్యాను చాలదు. మేస్త్రిని వదిలేస్తే గదిని కొలిచి సరిగ్గా సగాల్లో రెండు బాక్సులు పెడతారు. మీరు కూర్చునే చోటు గది సగంలో ఉండదు కదా! కాబట్టి ఈ వారమే ఖాళీ గదిలోకి ముగ్గు డబ్బా తీసుకుని వెళ్లండి. సోఫా, పడక కుర్చీ, టీపాయ్, ఉయ్యాల, నడిచే దారి అన్నీ నేల మీద అసలు కొలతలతో ముగ్గుతో గీయండి. సోఫా లోతు 3 అడుగులు, నడవడానికి కనీసం రెండున్నర అడుగులు వదలండి. గీసిన సోఫాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోండి. అక్కడ తలెత్తి చూస్తే కనబడే చోటే ఫ్యాను రావాలి.

దీపాల విషయం. అందరూ 6500 కె (కె అంటే కెల్విన్, వెలుతురు రంగు కొలత) తెల్ల దీపాలు వేయిస్తారు, హాలు మందుల షాపులా వెలుగుతుంది. కూర్చునే గదికి 3000 కె పసుపు వెలుతురు హాయి. మామగారి పేపరుకు 4000 కె దీపం విడిగా, కుర్చీ వెనక ఎడమ భుజం వైపు నుంచి. దాని స్విచ్చు ఆయన చేతికి అందే ఎత్తులో ఉండాలి, లేవాల్సిన పని ఉండకూడదు. చేనేత, కలంకారీ లాంటివి పెట్టాలనుకుంటే డబ్బా మీద సీఆర్ఐ 90 అని రాసి ఉన్నవి అడగండి, దీపం కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె అది, లేకపోతే ఎరుపు మట్టి రంగులా కనబడుతుంది.

పటమట_పావని:
ముగ్గు ఆలోచన నాకు తట్టలేదు! రేపే వెళ్తాను.

పటమట_పావని:
వెళ్లి వచ్చాను. మామగారిని కూడా తీసుకెళ్లాను. సోఫాను పడమటి కిటికీ కింద గీశాను. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ కూర్చుంటే మెడ కాలిపోయింది. సజ్జ రెండు అడుగులు ఉన్నా ఎండ దాని కింద నుంచి నేరుగా లోపలికి వస్తోంది. సోఫా అక్కడ కాదని ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఉత్తరం గోడకు మార్చి గీశాం. మామగారు తన కుర్చీని ఉత్తరం కిటికీ పక్కన గీయించుకుని, ఇసుక బస్తా మీద కూర్చుని అరగంట పేపరు చదివి మరీ ఒప్పుకున్నారు.

కృష్ణాతీరం:
పడమటి ఎండకు సజ్జ పనిచేయదు. మధ్యాహ్నం నెత్తి మీద సూర్యుడిని సజ్జ ఆపుతుంది, సాయంత్రం వాలిన సూర్యుడిని ఆపాలంటే నిలువు అడ్డం కావాలి. అదీ కిటికీ బయట. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అద్దం దాటి వచ్చేసినట్టే, వేడి గదిలోనే తిరుగుతుంది. మా భవానీపురం ఇంట్లో బయట వట్టివేళ్ల తడక వేలాడదీసి సాయంత్రం నీళ్లు చల్లుతాం. ఏసీ గంట ఆలస్యంగా వేస్తాం. ఆ వాసన కోసమైనా వేయవచ్చు.

సింగ్‌నగర్_శీను:
అందరూ పై నుంచి చెబుతున్నారు, నేను కింద నుంచి చెబుతాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. అప్పటికి మా హాలు పూర్తయి ఏడాదిన్నర. పార్టికల్ బోర్డు టీవీ యూనిట్, ఎండీఎఫ్ షోకేసు (రెండూ చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే పలకలే), కొత్త సోఫా. నీళ్లు నడుము దాటాయి. మేము మేడ మీదకు చేరాం. రోజుల తర్వాత నీళ్లు తీసి లోపలికి వెళ్తే షోకేసు తడిసిన బ్రెడ్డులా ఉంది, చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చింది. సోఫా తూర్పు గదిలో తిరగబడి ఉంది. అందులో నుంచి వచ్చిన వాసన నేను ఇంకా మర్చిపోలేదు. మిగిలింది ఒక్కటే, మా నాన్న పెళ్లప్పుడు చేయించిన టేకు బెంచీ. కడిగి, నీడలో ఆరబెట్టి, నూనె రాశాం. ఇప్పుడూ దాని మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

పోరంకి బుడమేరు దారిలో లేదని అంటారు, నిజమే. కానీ అప్పుడు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, కాలువల పక్క ఎవరికీ ఆ రాత్రి నిద్ర లేదు. అందుకే అడుగుతున్నాను. మీ ఇంటి నేల రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉంది? రోడ్డు మళ్లీ మళ్లీ వేసేకొద్దీ పెరుగుతుందని లెక్కలో పెట్టుకున్నారా? హాల్లో ప్లగ్గులు నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టడం ఆనవాయితీ, నేను ఈసారి అన్నీ 4 అడుగులకు పైన పెట్టించాను. చూడటానికి అంత బాగుండదు. బాగుండకపోయినా పరవాలేదు.

పటమట_పావని:
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను శీను గారూ. మా నేల రోడ్డు కన్నా మూడు అడుగులు ఎత్తులో ఉంది. ప్లగ్గుల సంగతి వెంటనే చెబుతాను.

వెలుతురు_లెక్క:
శీను గారు చెప్పింది చేయాల్సిందే. అందం గురించి బెంగ పడకండి, టీవీ ప్లగ్గులు ఎలాగూ టీవీ వెనక దాగుతాయి. మిగిలిన రెండు మూడు స్విచ్చు బోర్డులోనే కలిపేయవచ్చు.

వడ్రంగి_వారసుడు:
ఆటోనగర్ దగ్గర మా నాన్నకు వడ్రంగి షెడ్డు ఉంది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. శీను గారి బాధ మా దగ్గరకు ఆ సెప్టెంబరు తర్వాత వందల ఇళ్ల నుంచి వచ్చింది. నేల నుంచి రెండు అడుగుల వరకు పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ఏదీ పెట్టవద్దు. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి, అది నీళ్లకు తట్టుకునే రకం. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు వాడకానికి, పైన బీరువాలకు సరిపోతుంది. షీటు అంచు మీద కాదు, మొహం మీద ముద్ర చూడండి, కోయకముందే చూడండి. కోశాక ముద్ర ఏ ముక్కలో పోయిందో ఎవరికీ తెలియదు.

ఇక కొలువు సంగతి. అత్తగారికి శాశ్వతమైన మెట్లు కట్టించవద్దు, ఏడాదిలో కొద్ది రోజుల కోసం మిగతా రోజులు దుమ్ము తుడవాలి. మేము ఒకరికి ఇలా చేసి ఇచ్చాం. మూడు బల్లలు, ఎత్తులు 10, 20, 30 అంగుళాలు. చిన్నది మధ్యదాని కిందికి, మధ్యది పెద్దదాని కిందికి జారిపోతుంది. మామూలు రోజుల్లో దక్షిణం గోడకు ఒక బల్లలా ఉంటుంది, మీద ఇత్తడి పాత్రో పూల కుండీయో పెట్టుకోవచ్చు. సంక్రాంతికి బయటికి లాగితే మూడు మెట్లు. వెనక గోడకు ఒక పలక, ముందు నేల మీద ఒక పీట కలిపితే ఐదు. కొలువుకు బేసి సంఖ్యే కావాలంటారు కదా.

అమ్మమ్మ_మనవరాలు:
ఈ బల్లల కొలతలు నాకు కూడా కావాలి! మా అమ్మ ఇప్పటికీ ట్రంకు పెట్టెల మీద దుప్పటి పరుస్తుంది.

పెడన_పద్మ:
మా ఇంట్లో మూడు తరాలుగా అద్దకం పని. కలంకారీ కర్టెన్లు వేస్తానని ఎవరూ ఇంకా అనలేదు కానీ అంటారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. పడమటి కిటికీకి వేయవద్దు. మేము బట్టను కరక్కాయలో ముంచి, పటికను టేకు చెక్క అచ్చులతో అద్ది, కాలువ నీళ్లలో ఉతికి, ఎర్ర రంగు కోసం కాగులో ఉడికిస్తాం. బెల్లంలో పాత ఇనుము నానబెట్టి చేసిన నలుపు, వేరు నుంచి వచ్చే ఎరుపు ఏళ్ల తరబడి నిలుస్తాయి. పసుపు మాత్రం ఎండకు తాళదు. రెండు వేసవులు పడమటి కిటికీలో వేలాడితే ఆకుపచ్చ ఆకులన్నీ నీలంగా మారతాయి, ఎందుకంటే నీలి మీద పసుపు వేస్తేనే ఆ పచ్చ వచ్చింది. మా చెల్లెలు అత్తవారింట్లో అలా మారిన కర్టెన్ చూసి నేను ఏడ్చినంత పని చేశాను.

ఎండ తగలని దక్షిణం గోడ మీద ఒకే ఒక్క పెద్ద బట్ట వేలాడదీయండి. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, రంగు వెనక వైపుకు దిగి ఉండాలి. వెనక తెల్లగా ఉంటే అది స్క్రీన్ ముద్ర.

గుంటూరు_గోపాల్:
ఒక మాట అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఇక్కడ అందరూ కలిసి ఒక హస్తకళల దుకాణం తయారు చేస్తున్నారు. గోడ మీద కలంకారీ, బల్ల మీద కొండపల్లి, మూలన ఏటికొప్పాక, కింద ఏలూరు తివాచీ, పైన తోలుబొమ్మల దీపం, మధ్యలో ఉయ్యాల. ఒక్కొక్కటీ అందమైనదే. అన్నీ కలిస్తే మనిషి ఎక్కడ కూర్చోవాలి?

పెడన_పద్మ:
నేను ఒకే ఒక్క బట్ట అన్నాను గోపాల్ గారూ.

అమ్మమ్మ_మనవరాలు:
గోపాల్ గారి మాటలో న్యాయం ఉంది. మేము కొత్త ఇంట్లోకి రాగానే ఒకే రోజు ఎంపోరియంకు వెళ్లి అన్నీ కొన్నాం. ఇంటికి వచ్చినవాళ్లు ‘ఎంత అయింది’ అని అడుగుతారు, ‘ఎక్కడిది’ అని అడగరు. మా అమ్మ దగ్గర ఒకే ఒక్క కొండపల్లి బొమ్మ ఉంది, అంబారీ ఏనుగు. నాన్న ఉద్యోగంలో చేరిన ఏడాది కొండపల్లి వెళ్లి, తెల్ల పొణికి చెక్క ముక్కలను చింతగింజల మక్కుతో అతికిస్తుండగా చూసి, రంగు ఆరేదాకా కూర్చుని తెచ్చారట. ఆ కథ మా పిల్లలకు కూడా తెలుసు. నేను కొన్న పన్నెండు బొమ్మలకు కథ లేదు.

కృష్ణాతీరం:
అయితే మధ్యేమార్గం ఉంది. ఇల్లు పూర్తయ్యేసరికి గోడ ఖాళీగా ఉండనివ్వండి. మేకు కొట్టే చోట్లు మాత్రం ముందే అనుకోండి. వస్తువులు ఏడాదికి ఒకటి వస్తాయి.

గుంటూరు_గోపాల్:
ఇది నాకు సమ్మతమే. ఖాళీ గోడ కూడా అలంకారమే అని నేను మొదటి నుంచి చెబుతున్నాను.

బ్రాడీపేట_నాలుగోలైను:
గోపాల్ గారు ఒప్పుకున్నారు, తేదీ రాసి పెట్టుకోండి!

మాచర్ల_రాయి:
నేల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. గది మొత్తంలో అన్నిటికన్నా పెద్ద అలంకారం అదే, 260 చదరపు అడుగులు. చీమకుర్తి గ్రానైటు, ఆ నల్లటి నేల మీద బంగారు చుక్కలు చాలా బాగుంటాయి, కానీ హాలుకు వద్దు. పోరంకి రోడ్డు దుమ్ము దాని మీద పూటకోసారి కనబడుతుంది. మెట్లకూ గడపకూ వాడుకోండి. హాలుకు లేత రంగు రాయి, బేతంచర్లది కానీ మా మాచర్లది కానీ. కాళ్లకు చల్లగా ఉంటుంది, మామగారు జారరు. నున్నగా మెరిసే టైలు మీద తడి కాలు పెడితే ఏమవుతుందో మా నాన్న తుంటి ఎముకకు తెలుసు.

పటమట_పావని:
ఇది వెంటనే రాసుకున్నాను. మామగారికి 74.

మంగళగిరి_మగ్గం:
కర్టెన్లకు మంగళగిరి నూలు బట్ట చూడండి. ఒంటి రంగు, అంచుకు నిజాం బోర్డరు, అంతే. గోపాల్ గారి కంటికీ పని ఉండదు. ఒక్క జాగ్రత్త, కుట్టించే ముందు బట్టను నీళ్లలో నానబెట్టి ఆరేయండి. మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. మా దగ్గర కొని నేరుగా కుట్టించుకున్నవాళ్ల కర్టెన్లు నెల తర్వాత నేలకు జానెడు పైన వేలాడుతుంటాయి. కిటికీ వెడల్పుకు రెండింతల బట్ట లెక్క వేసుకుంటే మడతలు నిండుగా పడతాయి.

తెనాలి_తులసి:
ఉయ్యాల గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని చూస్తున్నాను. తెనాలిలో మా నాయనమ్మ ఇల్లు వచ్చే నెల పడగొట్టేస్తున్నారు. మండువా ఇల్లు. స్తంభాలు, ద్వారబంధాలు పాత కలప కొనేవాళ్లు మాట్లాడుకుని వెళ్లారు. ఉయ్యాల బల్ల మాత్రం ఇవ్వబుద్ధి కావడం లేదు. మా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏడుగురం, అందరికీ కావాలి, ఎవరికీ చోటు లేదు. అందరివీ ఫ్లాట్లే, స్లాబులో హుక్కు లేదు. ఆ హుక్కు ఒక్కటి పెట్టించుకోండి పావని గారూ. మిగతావి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

గుంటూరు_గోపాల్:
తర్వాత కూడా డ్రిల్లు చేసి యాంకర్ బోల్టులు వేయవచ్చండి, ఇప్పుడు మంచివి వస్తున్నాయి.

వెలుతురు_లెక్క:
వేయవచ్చు. కానీ బీములోకి కింద నుంచి డ్రిల్లు చేస్తే లోపలి ఇనుము తగలవచ్చు. ఊగే బరువు నిలిచి ఉండే బరువు లాంటిది కాదు, ప్రతి ఊపుకూ గుంజుతుంది. ఇంకా కాంక్రీటు పడలేదు కదా, బీము ఇనుముకు లావు కడ్డీ వంచి కట్టించుకునే అవకాశం ఉండగా డ్రిల్లు దాకా ఎందుకు? కడ్డీ ఎంత లావు ఉండాలో మీ ఇంజనీరుని అడగండి, బీము లెక్క వేసింది ఆయనే. బయట కనబడే భాగానికి తుప్పు పట్టకుండా రంగు వేయించండి, ఉయ్యాల కట్టేది ఏడాది తర్వాతైనా.

వడ్రంగి_వారసుడు:
హుక్కుల మధ్య దూరం బల్లను బట్టి ఉంటుంది. బల్ల 5 అడుగులదైతే ఒక లెక్క, 6 అయితే మరో లెక్క. గొలుసులు నిటారుగా దిగాలి. బల్ల కన్నా హుక్కులు దగ్గరగా పడితే గొలుసులు లోపలికి వాలి కూర్చున్నవాళ్ల భుజాలకు తగులుతాయి. ముందు బల్ల, తర్వాత హుక్కు.

పటమట_పావని:
ఇప్పటివరకు తేలినవి రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. టీవీ దక్షిణం గోడకు, పడమటి కిటికీ వెలుతురు దాని మీద నేరుగా పడదు. సోఫా ఉత్తరం గోడకు, మధ్య దూరం పది అడుగులు. 55 అంగుళాలు చాలని నేను, 65 కావాలని మా వారు. ఆ గోడకు 65 పట్టేంత జాగా వదిలి, కొనేది తర్వాత తేల్చుకుందామని ఒప్పందం. టీవీ మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు. అదే గోడకు పడమర చివర కొలువు బల్లలు. ఫాల్స్ సీలింగ్ లేదు. రెండు ఫ్యాన్లు, ఒకటి సోఫాకు, ఒకటి తూర్పు వైపుకు.

ఉయ్యాల బీము కింద. బీము పొడవు 13 అడుగులు. మధ్యలో పెడితే భోజనాల వైపు దారి మూసుకుపోతుంది. ముగ్గు గీసి చూశాం. ఉత్తరం గోడకు అడుగున్నర వదిలి ఉయ్యాల వేస్తే దక్షిణం వైపు ఆరు అడుగుల దారి మిగులుతుంది. ముందుకూ వెనక్కూ నాలుగేసి అడుగులు ఖాళీ. మా అమ్మాయి ముగ్గు ఉయ్యాలలో నిలబడి ‘ఇంకొంచెం ఊపు నాన్నా’ అంది. మా వారు ఆ తర్వాత టీవీ గురించి మాట్లాడలేదు.

ఒక్కటే మిగిలింది. హుక్కుల దూరం. బల్ల ఇంకా కొనలేదు.

సింగ్‌నగర్_శీను:
కొలువు బల్లలు ఐఎస్ 710 తోనా, టేకుతోనా?

పటమట_పావని:
టేకు శీను గారూ. మీ బెంచీ గుర్తుంది.

తెనాలి_తులసి:
పావని గారూ, నిన్న రాత్రి మా వాళ్లందరితో ఫోనులో మాట్లాడాను. బల్ల మీకు ఇస్తాం. డబ్బు మాట ఎత్తవద్దు, మా పెద్దన్నయ్య అప్పుడే కోప్పడ్డాడు. పొద్దున తెనాలి వెళ్లి కొలిచాను. పొడవు 5 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 22 అంగుళాలు. గొలుసులు తగిలించే కంచు రింగుల మధ్య దూరం ఈ చివర నుంచి ఆ చివరకు సరిగ్గా 5 అడుగులు. గొలుసులు ఇత్తడివి, నాలుగూ ఉన్నాయి, ప్రతి వైపు రెండేసి పైన ఒకే వలయంలో కలుస్తాయి. కాబట్టి మీకు రెండే హుక్కులు చాలు. ఒక అంచు అరిగి నున్నగా ఉంది, నాయనమ్మ ఎప్పుడూ ఆ వైపే కూర్చుని తమలపాకులు సర్దేది. అది మాత్రం చిత్రిక పట్టించవద్దు.

అమ్మమ్మ_మనవరాలు:
ఇది ఆఫీసులో చదవాల్సింది కాదు. కళ్లు తుడుచుకుంటున్నాను.

వడ్రంగి_వారసుడు:
చిత్రిక పట్టను, నా మాట. బల్ల మా షెడ్డుకు తెస్తే కీళ్లు చూసి, చెద లేదని నిర్ధారించుకుని, నూనె పట్టించి ఇస్తాను. ఆ అంచు జోలికి వెళ్లను.

గుంటూరు_గోపాల్:
తెనాలి నుంచి పోరంకికి తేవడానికి మా మినీ వ్యాను ఉంది. రోజు చెప్పండి, పంపిస్తాను.

పటమట_పావని:
ఏమి రాయాలో తెలియడం లేదు తులసి గారూ. మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ అడిగిన మొదటి మాట, మీ ఏడుగురిలో బెజవాడలో ఎవరున్నారు అని. సంక్రాంతికి కొలువు పేరంటానికి అందరినీ పిలవాలట.

తెనాలి_తులసి:
ముగ్గురం ఉన్నాం. వస్తాం.

పటమట_పావని:
ఈ రోజు స్లాబు పడింది. తెల్లవారి ఆరింటికే వెళ్లాను. కాంక్రీటు పోయకముందు ఇంజనీరు గారు, నేను, మేస్త్రి ముగ్గురం టేపు పట్టుకుని హుక్కుల మధ్య దూరం మూడుసార్లు కొలిచాం. 5 అడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. ఉత్తరం గోడ నుంచి మొదటి హుక్కు ఎంతో కూడా కొలిచి నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాశాను. ఆ పేజీలో పదిహేనేళ్ల కిందట అంటించిన బొమ్మ ఒకటి ఉంది, అది తీయలేదు, దాని కిందే రాశాను. ఫ్యాను బాక్సులు ముగ్గు ప్రకారమే పడ్డాయి. సాయంత్రానికి పని పూర్తయింది, రేపటి నుంచి నీళ్లు నిలబెట్టాలి.

వెలుతురు_లెక్క:
హుక్కుల చుట్టూ సెంట్రింగు (స్లాబు కింద ఆసరాగా కట్టిన పలకలు) విప్పేటప్పుడు దగ్గర ఉండండి. సుత్తి దెబ్బకు వంగవచ్చు.

పటమట_పావని:
ఉంటాను.

తెనాలి_తులసి:
ఇల్లు పడగొట్టేది వచ్చే బుధవారం. ఆదివారం బల్ల దించుతున్నాం. గొలుసులు విప్పే ముందు చివరిసారి మేము ఏడుగురం ఊగుతాం. మీ అమ్మాయిని తీసుకుని మీరు కూడా రండి, ఎనిమిదోసారి తను ఊగుతుంది.

పటమట_పావని:
ఆదివారం పది గంటలకు అక్కడ ఉంటాం. గోపాల్ గారూ, వ్యాను పదకొండుకు పంపండి.